పదకొండో షరతు

గాలివానకి సగం కప్పు కూలిన టౌన్‌హాల్లో, పదేళ్లుగా అక్కడే నాటకాలాడిస్తున్న ఆమె, లీజు కాగితాలు తెచ్చిన బావగారికి ఎదురుగా కూర్చుంది. ఆయన నగరపాలక సంస్థలో అధికారి.

“మళ్లీ చదవండి బావా. ఆ పదకొండో షరతు.”

“ఎన్నిసార్లు చదివినా అదే ఉంటుంది. సంతకం పెట్టు, పోతాను.”

“చదవండి.”

“‘భవనంలో మునుపు ఎలాంటి లోపమూ లేదనీ, కేవలం గాలివాన వల్లే కప్పు కూలిందనీ నాటక బృందం ఒప్పుకుంటోంది.’ చాలా? అన్ని లీజుల్లోనూ ఉండే మాటే.”

“పక్కనున్న కొట్ల లీజుల్లో ఉందా?”

“వాటి సంగతి వేరు.”

“ఎందుకు వేరు? వాటి కప్పు మనుషుల మీద పడలేదనా?”

“అదిగో, మొదలెట్టావు...”

“చినుకు పడితే బకెట్లు పెట్టుకుని రిహార్సల్ చేసేవాళ్లం బావా. మా నాటకంలో రాజు వేషం వేసేవాడు డైలాగు చెబుతూనే బకెట్టు జరిపేవాడు. మీ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగాం! చూస్తాం, చూస్తాం అన్నారు. చూశారు, కూలాక.”

“గాలివాన కూడా వచ్చింది కదే!”

“వచ్చింది. అప్పుడు ‘ఇళ్లు వదిలి టౌన్‌హాలుకి పొండి, అది గట్టిది’ అని మైకులో ఊరంతా చెప్పించిందెవరు? మీవాళ్లే. ఆ మాట నమ్మే మా హార్మోనియం మాస్టారు వచ్చారు. ఆ మూలనే పోయారు.”

“మీ బృందమంతా మా ఆఫీసు మీద కేసు వేశారుగా. కోర్టు చూసుకుంటుంది.”

“నేనీ సంతకం పెడితే కోర్టు చూడ్డానికి ఏం మిగులుతుంది? ‘హాలు వాడుకున్నవాళ్లే బాగుందన్నారు’ అని మీ లాయరు ఈ కాగితం ఊపుతాడు.”

“ముప్ఫై ఏళ్లకి ఇస్తున్నారే పిచ్చిదానా! కాదంటే గోడౌనుకి అడుగుతున్నవాళ్లకి పోతుంది. నీకు హాలు కావాలా, కేసు కావాలా?”

“రెండూ.”

“రెండూ కుదరవు.”

“కుదరకపోతే బయట మెట్ల మీద ఆడతాం. జనం రోడ్డు మీద నిలబడి చూస్తారు. కప్పే లేని చోట కప్పు కూలదుగా!”

“మొండిఘటానివే నువ్వు... ఏయ్, ఏం చేస్తున్నావ్? కొట్టేస్తున్నావేంటి?”

“పదకొండో షరతు. అడ్డంగా గీత. ఇదిగో, కింద నా సంతకం. తీసుకెళ్లండి.”

“ఇది నేనెలా తీసుకెళ్లనూ? కమిషనరుగారు నా మొహాన కొడతారు. నీకేం పోయింది, ఉద్యోగం నాది!”

“ఈ షరతు సంగతి అక్కకి చెప్పారా?”

“...ఆఫీసు గొడవలు ఇంట్లో మాట్లాడను.”

“ఆ రోజు అక్క కూడా ఇక్కడే ఉంది బావా.”

“నాకు తెలీదా? శిథిలాల కింద నుంచి మీ అక్కని బయటికి లాగింది నేనే!”

“అయితే మీరే చెప్పండి. చంకకర్రల చప్పుడు వినపడుతోందిగా, మెట్లెక్కుతోంది. లోపం లేదని మీ నోటితోనే చదివి వినిపించండి.”

“నువ్వు రమ్మన్నావా?”

“రిహార్సలుకి వస్తోంది. రోజూ వస్తుంది.”

“రోజూనా? కాలికి వ్యాయామం చేయించుకోడానికి ఆస్పత్రికి వెళ్తున్నానని నాతో చెప్పి...”

“ఏంటి, నన్ను చూడగానే ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి? ఏమండీ, మీరేంటి ఇక్కడ? హాలు మనకిచ్చినట్టేనా?”

“అక్కా, బావ చేతిలో కాగితం ఉంది. అడుగు.”

“ఇటివ్వండి, చూస్తాను. ఇదేంటి, ఇక్కడీ గీత?”

“అదా... ఏదో ఆఫీసు గొడవలే.”

“ఏమండీ, మిమ్మల్నే.”

“ఉండవే, చెబుతా. ముందు నువ్వు కూర్చో. ఆ కర్రలిటివ్వు. అమ్మాయ్, నీ పెన్నిలా ఇయ్యి.”

“ఎందుకు బావా?”

“కొట్టివేత పక్కన అధికారి సంతకం కూడా ఉండాలి. అప్పుడే చెల్లుతుంది.”