కొండ నేర్చుకోని గొర్రెలు

మీ తాత తెలివైనవాడని ఎవరు చెప్పారే నీకు? మీ అమ్మా? ఆ గొర్రెల గొడవప్పుడు దానికి రెండేళ్లు, దానికేం తెలుసు! మంచోడే, కాదన్ను. పోయి ముప్ఫై ఏళ్లైనా తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుద్ది. చూడు జెన్నీ, మన స్వేల్‌డేల్‌లో రాతిగోడలన్నీ కింద లోయలోనే కదా, పైన కొండ మీద కంచె ఉందా? అక్కడ గొర్రెని ఆపేది దాని బుర్రే. తల్లి ఎక్కడ మేస్తే పిల్ల అక్కడే మేస్తుంది, దాని పిల్లా అక్కడే. ఎప్పుడో చర్చి మఠాల సన్యాసులు ఈ కొండ మీద మేపిన నాటి నుంచీ ఇంతే. అందుకే కౌలుదారు మారినా మంద కొండని వదిలిపోదు. ఇక్కడ పాలు తాగే పిల్లల్నడిగినా చెబుతారు ఈ మాట. మరి మీ తాత, మా ఎనోక్‌గారో? మందనంతా తోలుకెళ్లి సంతలో అమ్మేసొచ్చాడు! "హానా, చూడవే, ఒక్కోటి ఎంత పుష్టిగా ఉందో" అంటూ దిగువ ఊళ్ల గొర్రెల్ని దించాడు. పుష్టికేం, బ్రహ్మాండం. కొండ మీద వదిలిన మర్నాటికి ఒక్కటుంటే ఒట్టు! రెండేమో చర్చి దగ్గర సమాధుల మీద పూలు మేస్తున్నాయి, మిగతావన్నీ పక్క లోయలో. పక్క పొలం రాల్ఫ్ నవ్వలేక చచ్చాడు.

అంతలో మనకి పొలం కౌలుకిచ్చిన దొరగారి మేనేజరొచ్చాడు, మూతి బిగించుకుని. "చలికాలంలోపు మంద కొండ మీద నిలబడకపోతే పొలం ఖాళీ చెయ్యి" అన్నాడు. కడుపులో మీ మామ, చంకలో మీ అమ్మ, ఎక్కడికని పోతాం? ఏడ్చాను, నోటికొచ్చినట్టు తిట్టాను. మీ తాతేమో కర్ర పట్టుకుని కొండెక్కాడు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, వాననక గాలనక, తనే తల్లి గొర్రె అయినట్టు హద్దు వెంట తిరగడం, దాటినదాన్ని వెనక్కి తోలడం. "ఏం ఎనోకూ, పాలెప్పుడిస్తావ్?" అని కింద నుంచి రాల్ఫ్ కేకలు. మొత్తానికి నిలబెట్టాడులే. మేనేజరు వచ్చి మందని లెక్కపెట్టుకుని పోయాడు.

పోనీ, ఆ చేసిందేదో పూర్తిగా చేశాడా? మన హద్దు పైనున్న నల్లబండ దాకా ఉంది. ఇంకాస్త పైకి పోవయ్యా అని నేను మొత్తుకుంటూనే ఉన్నా. ఆయనకి మోకాలు నొప్పి. "ఇక్కడిదాకా చాల్లే హానా" అని బండకి ఇవతలున్న వాగు పక్కనే కూలబడి రొట్టె తినేవాడు. ఏమైంది మరి? ఆ గొర్రెల మునిమనవరాళ్లు ఇవాళ్టికీ ఆ వాగు దాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి. అవతల గడ్డి దుబ్బులు దుబ్బులుగా ఉంది, మనదే, ఒక్కటీ మూతి పెట్టదు! మీ మామ కుక్కల్ని పెట్టి తోలి చూశాడు. ఊహూఁ. ఆయన చెప్పలేదుగా వాటికి, అవెందుకు పోతాయి?

మొన్న పొద్దున నేనే చూశా. ఒక్కొక్కటే వచ్చి, వాగు దగ్గర ఆగి, కాసేపలా నిలబడి... ఆ మనిషింకా అక్కడే కూచుని ఉన్నట్టు...

ఆ తలుపు వెయ్యవే, గాలి కొడుతోంది.