తౌనో చేసిన గోడ బీరువా

అమ్మలారా, అయ్యలారా, ఇంత గాలిలో, ఇంత మంచులో వచ్చారు. మెట్ల మీద నీళ్ళు గడ్డ కట్టాయి, వెళ్ళేటప్పుడు చూసుకుని దిగండి. నా తమ్ముడు తౌనోని ఇందాకే మట్టిలో పెట్టి వచ్చాం. ముఖం మీది గుడ్డ నన్ను తీయనివ్వలేదు. తీయడానికి అక్కడ ముఖం మిగల్లేదట.

నాకు చదువు లేదు. మాట తడబడితే ఏమీ అనుకోకండి.

వాడి పెళ్ళి మీకు గుర్తుందా? ఇద్దరు చుట్టాలు తాగి, వాడి పనిబల్ల మీది ఉలులు తీసుకుని పొడుచుకున్నారు. ఒకడి చెవి తెగి నేల మీద పడింది. పెళ్ళికూతురి బట్టల నిండా నెత్తురు. మర్నాడే తౌనో పనిముట్లు దాచే బీరువా కోసం దేవదారు పలకలు చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. మూలలు ఒకదాని పళ్ళలోకి ఒకటి దిగేలా కోశాడు. ఒక్క మేకు వాడలేదు. రంపానికో చోటు, గొడ్డలికో చోటు, ఒక్కో ఉలికి ఒక్కో గాడి. "ఇంత మందం తలుపులెందుకురా, చర్చికా?" అన్నాను. "తాగినోడి భుజానికక్కా" అన్నాడు.

అప్పటినుంచే కదా ఈ ఊళ్ళో ఆ ఆచారం? పెళ్ళంటే మగవాళ్ళందరూ నడుం కత్తులు ఆ బీరువాలో తగిలించాలి, ఆ తర్వాతే ఆట. అయినా నాకు భయం తీరలేదు. తాళం వేశావా, లాగి చూశావా అని వెంటపడేదాన్ని. "పాలు పొంగినా నీకు శవమే కనిపిస్తుందే" అని నవ్వేవాడు.

కనిపించింది. శనివారం పెళ్ళిలో కుస్తా కొడుకు విల్యామి ఎవరితోనో మాటా మాటా పెరిగి, కత్తి కోసం బీరువాకి కాపలా ఉన్న తౌనో దగ్గరికి వచ్చాడు. "ఇవ్వరా ముసలోడా, నీతో పాటు పాతిపెట్టుకుంటావా?" అన్నాడు. "పొద్దున్నే రా బాబూ, కాఫీ తాగి పట్టుకెళ్దువుగాని" అన్నాడు మా వాడు. పదునైనవన్నీ లోపల భద్రంగా ఉన్నాయి. పొయ్యి కెలికే ఇనుప కడ్డీ బయట ఉంది. దాని సంగతి మనలో ఎవరికి తట్టింది? విల్యామి దాంతో కొట్టిన మొదటి దెబ్బకు మా వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. తర్వాతి దెబ్బలకు తలుపుకి వీపు ఆనించి అక్కడే పోయాడు. బీరువా మూలల చెక్క పళ్ళ సందుల్లోకి నెత్తురు దిగింది. ఎంత తోమినా పోదు.

విల్యామిని పోలీసులు పట్టుకెళ్ళారు. తండ్రి కుస్తా అదిగో, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తౌనో కొడుకు ఒయివా ఆయన మెడవైపే చూస్తున్నాడు. "అత్తా, తాళంచెవి ఇవ్వు. నాన్న గొడ్డలే కావాలి. కొడుకు దొరక్కపోతే తండ్రి ఉన్నాడు" అని పొద్దున అడిగాడు. ఇవ్వకపోతే బీరువా తలుపు మీద పడ్డాడు. భుజం చర్మం ఊడింది, తలుపు కదల్లేదు. తాళంచెవి ఇక వెతక్కు నాయనా. నది మీది మంచుగడ్డకు కొట్టిన కన్నంలో వేసి వచ్చాను.

అయినా నా గుండె కుదురుగా లేదు. ఆ బీరువా గోడ మీది ఏటవాలు పట్టెకు వేలాడుతోంది. ఇద్దరు చెరో వైపు పట్టి ఎత్తితే దిగుతుంది, వెనక పలక జారి గొడ్డలి చేతికొస్తుంది. ఒక్కడివల్ల కాదు. ఒయివా స్నేహితులు ఈ గదిలోనే ఉన్నారు. ఆ రెండో మనిషి ఎవరు? ఎవరు నాయనా మీలో? ఈ మాట అడగడానికే లేచాను. కాళ్ళు పట్టుకుంటాను, ఎవరూ కావద్దు.

ఇక తౌనో కోసం మౌనం పాటిద్దాం, అందరూ లేవండి. చేతులు జేబుల్లోంచి తీసి, నాకు కనిపించేలా ఉంచండి. కుస్తా, నువ్వూ లోపలికి రా. ఒయివా, నా పక్కన నిలబడు. నా చెయ్యి పట్టుకో. నేను కూర్చునేదాకా ఎవరూ మాట్లాడకండి, ఎవరూ కదలకండి.