ఎర్రమందు ఎవరికెక్కింది?

పొట్టలో క్లోమం, అదే లబ్‌లబా, వాచి పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉన్న పాలవాడు, లాల్‌దర్వాజాలో టాంగా దిగీ దిగగానే కల్లు అడిగాడు. భార్య గడపలోనే అడ్డం నిలబడింది.

"లబ్‌లబా వాచిందని డాక్టర్‌సాబు కల్లు బందుపెట్టమన్నడు గదయ్యా! నొప్పికి లబోదిబోమని మొత్తుకున్నది మర్చినవా?"

"ఫికర్ చెయ్యకే. పుండ్లకు పూసే ఎర్రమందును ఆస్పత్రిల గీ వాపుకు నరాలల్ల ఎక్కిచ్చి పరీక్ష చేస్తున్నరు. ఇగ కుండెడు తాగినా నా లబ్‌లబా ఉక్కే!"

"నీకెక్కిచ్చిన్రా?"

"పదిమందికి ఎక్కిచ్చిన్రు. ఇంకో పదిమందికి ఉత్త ఉపాసమే. ఎవరు ముందుగాల లేస్తరో చూసిన్రు."

"నువ్వు ఏ పదిమందిల?"

అతను ఠీవిగా మీసం దువ్వాడు. "ఉపాసంల. అయినా అందరికంటే ముందుగాల నేనే లేచిన!"

ఆమెకు నవ్వు ఆగలేదు. "గట్లనా! గా ఉపాసం మందు మనింట్ల మస్తున్నది. కల్లు పేరెత్తితే పూటకో డోసు!"