తుఫానుని సాక్ష్యానికి పిలిచిన విలికేసా

శనివారం మధ్యాహ్నం విలికేసా ఇంటి అరుగు మీద చాపలు పరిచి, తాగడానికి యంగోనా వేరు పొడి నీళ్ళల్లో కలిపారు. చెక్క తొట్టె చుట్టూ ఊరి మగాళ్ళంతా కూర్చున్నారు, ఒక్కడు కూడా కిక్కురుమనట్లేదు. ఎందుకంటే అపిసాయ్ మాస్టారు కూడా వచ్చాడు. నిన్ననే ఆయన విలికేసా మేనకోడలు అకనీసి ఇంగ్లీషు ప్రాక్టీసు పేపర్లో ఒక జవాబుకి ఇంటూ కొట్టాడు. సరిగ్గా ఆ ఒక్క మార్కు దగ్గర పిల్ల తప్పింది. పాసైనవాళ్ళే సోమవారం పడవెక్కి రాజధాని సువాలో అసలు పరీక్ష రాస్తారు. అకనీసి మామ వెనకాల గుమ్మానికి ఆనుకుని కూర్చుంది, పొద్దున్నుంచి ముద్ద ముట్టలేదు.

ఇంతకీ ఆ ప్రశ్న ఏంటంటే, ఒక పద్యం ఇచ్చారు. రాసింది దీవుల్లో పుట్టిన ఆవిడే, పైన అచ్చేసి మరీ ఉంది. డిసెంబర్ రాగానే అమ్మమ్మ కిటికీలకి చెక్కలు కొడుతుంది, ఎందుకు? తుఫాను వస్తుందని, అని రాసింది అకనీసి. ఊళ్ళో పాలు తాగే పిల్లాడినడిగినా అదే చెప్తాడు. కానీ ఎక్కడో చలిదేశంలో తయారైన జవాబుల కీలో "మంచు లోపలికి రాకుండా" అని ఉంది. మాస్టారు కీ చూశాడు, ఇంటూ కొట్టాడు, అయిపోయింది.

మాస్టారికి మొహమ్మీద ఎదురు చెప్పడం ఆ ఊళ్ళో లేదు. అందుకే విలికేసా మొదటి కొబ్బరి చిప్పెడు ఆయనకే ఇప్పించి, ఆయన తాగాక ఆచారం ప్రకారం అందరితో పాటు చప్పట్లు కొట్టి, ఎదురుగా ఉన్న గోడకి చెప్తున్నట్టు మొదలెట్టాడు.

"నా చిన్నప్పుడు కూడా కీలో ఇలాంటి తప్పే పడింది. నేనే దిద్దా. పెద్ద గొప్పేం కాదులే, పెన్సిల్‌తో చిన్న గీత."

"నీకు పెన్సిల్ ఎటువైపు చెక్కాలో తెలుసా బావా?" అన్నాడు సైలోసి. బావ కాబట్టి వాడికి ఏమన్నా చెల్లుతుంది.

"నువ్వు తాగు. ఆ గీత చూసి సువా ఆఫీసరు కబురు పెట్టాడు. వెళ్ళా. కీ అంటే కీ, మార్చం అన్నాడు. అయితే దీవులన్నిటి పేపర్లూ తెప్పించు, అన్నీ నేనే దిద్దుతా అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గది నిండింది, కప్పు దాకా పేపర్లే, నేను లోపలికి ఈదుకుంటూ వెళ్ళా. ఎర్ర సిరా అయిపోయింది. కిటికీలోంచి ఈల వేస్తే రేవులోంచి ఆక్టోపస్ వచ్చి, ఎనిమిది చేతుల్తో ఎనిమిది పేపర్లు పట్టుకుని, సిరా కూడా అదే పోసింది."

"ఎర్ర సిరా పోసిందా?"

"సిగ్గుపడింది బావా, ఎర్రగానే వచ్చింది."

ఎవరూ నవ్వలేదు, విలికేసా మొహం ప్రార్థనలో ఉన్నట్టుంది మరి. అకనీసి మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంది. మామా, ఇక చాలు, ఆయనకి కోపమొస్తే ఉన్న మార్కులు కూడా పోతాయి అనుకుంది.

"అయినా ఆఫీసరు ఒప్పుకోలా. సాక్షి కావాలన్నాడు. సరేనని ఒడ్డుకెళ్ళి తుఫానునే పిలిచా. వచ్చింది. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకుని, నెత్తి మీద కొబ్బరి చెట్లు తీసి కొక్కేనికి తగిలించి, కుర్చీలో కూర్చుంది. నువ్వు మంచువేనా అనడిగాడు ఆఫీసరు. పాపం దానికి ఏడుపొచ్చేసింది. నేనెప్పుడైనా అంత మెత్తగా పడ్డానా బాబూ అని, జేబులోంచి చెక్కలు తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ మన ఊరి కిటికీలవి. ఒక చెక్క మీద చిన్నపిల్లాడెవడో మేకుతో పేరు గీసుకున్నాడు."

ఆగాడు. తొట్టెలో చిప్ప తేలుతోంది.

"అపిసాయ్ అని."

అరుగంతా బిగుసుకుపోయింది. మాస్టారి చిన్నప్పుడొచ్చిన తుఫానులో వాళ్ళమ్మ ఇల్లు చెక్క కూడా మిగలకుండా పోయిందని అక్కడ అందరికీ తెలుసు. మాస్టారు తల వంచుకుని చాప అంచు సర్దాడు.

ఎత్తాక, "విలికేసా," అన్నాడు, "నువ్వు జన్మలో సువా వెళ్ళింది ఒక్కసారి. పన్ను పీకించుకోడానికి. తీసుకెళ్ళింది నేనే. పడవలో దారంతా నా ఒళ్ళో కక్కుతూ అమ్మా అమ్మా అని ఏడ్చావు."

సైలోసి చాప మీద పడి దొర్లాడు. అరుగు అరుగంతా పగలబడి నవ్వింది. విలికేసా గోడ వంక అలాగే చూస్తున్నాడు, చెవులు మాత్రం ఆక్టోపస్ సిరాలా ఉన్నాయి.

మాస్టారు నవ్వలేదు. "ఆ చెక్క నేనే పట్టుకున్నా, అమ్మ మేకు కొట్టింది," అన్నాడు మెల్లగా. "ఇంగ్లీషు పద్యం కదా, మంచే అయ్యుంటుందనుకున్నా. పేపరు ఇలా తే అమ్మాయ్."

అకనీసి లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి పాత ఇంటూని కొట్టేసి, పక్కన రైటు పెట్టి, మార్కు మార్చి సంతకం చేశాడు.

"సోమవారం పడవకి రా. తోడు మీ మామని పంపిస్తా. సువా ఆఫీసులన్నీ తెలిసినోడు, దారిలో తుఫాను లేచినా ఈయన మాట వింటుంది."

విలికేసా మెల్లగా చెయ్యెత్తి దవడ పట్టుకున్నాడు.

"మాస్టారూ, ఆ పన్ను మళ్ళీ మొలిచినట్టుంది. పొద్దున్నుంచి ఒకటే పోటు, పడవెక్కితే తట్టుకోలేను."