దొర కుక్కతో సముద్రానికి

కువైట్ నుంచి సెలవుకొచ్చిన తమ్ముడు ఫొటో చూపిస్తే, ఎమ్మిగనూరులో అక్క మగ్గం ఆపింది. సముద్రపు ఒడ్డున తమ్ముడు, పక్కన దుప్పటి మీద కుక్క.

"ఈ మారాజు ఎవురప్పా?"

"మా దొర కుక్కక్కా. దినామూ కార్లో నేనే తీసకపోతా."

"నీకని నేసిచ్చిన దుప్పటి మీద బాగానే పండుకోనుందే!"

"ఒగనాడు ఆ సముద్రం కాడ పోలీసాయప్ప పట్టుకోని నన్ను కాగితాలడిగినాడు."

"సూపిచ్చినావా?"

"ఆడ ఉన్నన్నాళ్ళూ నా పాస్‌పోర్టు దొర బీరువాలోనే ఉంటాదక్కా."

"మరి ఎట్ల ఇడిసినాడు?"

"కుక్క మెడలో బిళ్ళ ఉండె. దాంట్లో దొర ఫోన్ నంబరు సూసి, ఫోన్ చేసి ఇడిసిపెట్టినాడు."

అక్క మళ్ళీ మగ్గంలో నాడె విసిరి నేత మొదలుపెట్టింది.

"నువ్వు తిరిగి పోయేలోపల నీ మెడకూ ఒక పట్టీ నేసిస్తాలే. బిళ్ళ మాత్రం దొరనే అడుగు."