నల్లటి రబ్బరు రింగు

మామగారు బజారు నుంచి తిరిగొచ్చేలోగా పని ముగించాలి. కోడలు పాత కారు కింద వెల్లకిలా పడుకుంది. అత్తగారు టార్చి పట్టుకుని పక్కనే చతికిలబడ్డారు.

“ఆయిలు మార్చాం, కొత్త ఫిల్టరు బిగించాం. అయినా కారుతోందేంటి అత్తయ్యా?”

“మూడేళ్లుగా ఇదే వరస. ‘పాత బండి, కారక ఏం చేస్తుంది’ అంటూ కింద అట్టముక్క పెట్టి ఊరుకున్నారు మీ మామయ్య.”

“ఫిల్టరు మళ్లీ విప్పాను. టార్చి ఇటు కొట్టండి... అయ్యయ్యో, ఇంజనుకి ఇంకో రబ్బరు రింగు అతుక్కుని ఉంది!”

“కొత్త ఫిల్టరుకి దాని రింగు ఉందిగా?”

“ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఫిల్టరు గట్టిగా అతుక్కోలేదు, అందుకే కారుతోంది. పాత ఫిల్టరు రింగు తియ్యడం మర్చిపోయినట్టున్నాను. తప్పు నాదే.”

“ఉండమ్మా. పాత ఫిల్టరు ఇదిగో, పళ్లెంలోనే ఉంది. దీని రింగు దీనికే ఉంది!”

“మరి ఇదెక్కడిది?”

“అయితే అంతకు ముందుదాని రింగే! మూడేళ్ల కిందట ఈ ఫిల్టరు బిగించిందెవరు?”

“మామయ్య... అత్తయ్యా, నవ్వకండి, టార్చి ఊగిపోతోంది!”

“‘మీరెవరూ నా కారు జోలికి రాకండి’ అన్నది కూడా ఆ రోజే! ఇలా ఇవ్వు దాన్ని.”

“అంతా జిడ్డండీ! చేతికి తొడుక్కుంటున్నారేంటి?”

“సరిగ్గా నా కొలతే. గేటు చప్పుడైంది, త్వరగా బిగించు. గాజు బాగుందా అని మీ మామయ్యని అడుగుతాను.”

“ఎక్కడిదని ఆయన అడిగితే?”

“‘మూడేళ్లుగా మీరే దాచిపెట్టారు కదండీ’ అంటాను.”