కుట్టుపని ఎవంతియా, నలభై ఒక్క వేల కారు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా షోరూము యజమాని శ్రీ అనార్గిరోస్ గారికి, కొత్త కారు వచ్చినప్పుడల్లా విసుక్కోకుండా వచ్చి పవిత్రజలం చల్లే ఫాదర్ గెరాసిమోస్ గారికి, మెకానిక్కులకు, తోటి అమ్మకందార్లకు, నా చేతి మీదుగా కార్లు కొని కూడా ఇవాళ ఈ ఉద్యోగ విరమణ సభలో నా మొహం చూడటానికి వచ్చిన కలమాటా పట్టణ ప్రజలకు నమస్కారం.

మన గ్రీకులో అనార్గిరోస్ అంటే వెండి ముట్టనివాడు. రోగుల దగ్గర చిల్లిగవ్వ పుచ్చుకోకుండా వైద్యం చేసిన సాధువుల పేరది. ఆ పేరు పెట్టిన రోజున వాళ్ల నాన్నగారు పిల్లవాడు పెద్దయ్యాక కార్లు అమ్ముతాడని కలలో కూడా అనుకుని ఉండరు. (నవ్వులు) ఇందాక అనార్గిరోస్ గారు నన్ను చాలా పొగిడారు. అందులో సగం నిజమైనా నా జీతం ఇంకోలా ఉండేది. (నవ్వులు, యజమాని గారు కూడా)

ముప్పై నాలుగేళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. ఇంజను గురించి కాదు, మైలేజీ గురించి కాదు. "పాంటెలిస్ గారూ, దీనికి ఇంత ధర పెట్టొచ్చంటారా?" తొమ్మిదేళ్ల కిందట ఆ ఖరీదైన చిన్న ఎస్‌యూవీ మన అద్దాల వెనక కొలువు తీరాక ఆ ప్రశ్న రోజుకు పదిసార్లు వినపడేది. మీకు తెలుసు కదా ఆ కారు? ఎత్తుగా ఉంటుంది, కానీ కొండ రాళ్ల మీదికి పోదు. పొడవు తక్కువే, అయినా మన పాత బజారు సందులో పట్టదు. ఫాదర్ గారు దాని మీద నీళ్లు చల్లగానే సెన్సర్లన్నీ ఒక్కసారి కీచుమని అరిస్తే, ఆయన రెండడుగులు వెనక్కి వేసి, దెయ్యం అప్పుడే బయటికి వచ్చిందేమోనని చూసిన సంగతి నేను మరిచిపోలేను. (నవ్వులు) ధర నలభై ఒక్క వేల యూరోలు. రోడ్డుకు అవతల షోరూములో దాని తోబుట్టువు ఇరవై ఎనిమిది వేలకే దొరికేది. అదే కంపెనీ, అదే ఇంజను, అదే చట్రం. మన దానికి దీపాలు కాస్త ఏటవాలుగా ఉంటాయి, లోపల తోలు, తలుపు వేస్తే ధప్‌మని బరువైన చప్పుడు. అంతే తేడా. లంబ్రోస్, నువ్వు మెకానిక్కువి, నువ్వు చెప్పు, రెండింటి సామాన్లూ ఒకే పెట్టెలో వస్తాయా రావా? ... చూశారా, యజమాని పక్కనుంటే లంబ్రోస్‌కి చెవుడు. (నవ్వులు)

నేను అందరికీ "పెట్టొచ్చు" అనే చెప్పేవాణ్ణి. పోస్టుమాన్ ఫోటిస్‌కూ అలాగే చెప్పాను. ఆయన ఏదైనా పాత బండి దొరుకుతుందేమోనని వచ్చాడు. నేను ఆయన్ని ఈ కార్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, "విన్నారా ఆ చప్పుడు? ముప్పై ఏళ్లు ఊరందరి ఉత్తరాలూ మోశారు, ఇకనైనా మిమ్మల్ని ఎవరైనా మోయనివ్వండి" అన్నాను. ఆ మాట నాకే ఎంతో నచ్చింది. ఆయన వాయిదాల మీద కొన్నాడు. రెండేళ్లు ఈదాడు. తర్వాత కట్టలేక, ఒక ఉదయం కారు తెచ్చి అప్పగించాడు. శుభ్రంగా కడిగి, కాళ్ల కింది పట్టాలు దులిపి మరీ తెచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "చాలా సుఖంగా ఉండేదండీ. తలుపు అరిగిపోతుందేమోనని మా ఆవిడ మెల్లగా వేసేది" అని చెప్పి, బస్సు స్టాపు దాకా నడిచి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది. ఇవాళ్టి సభకు ఆహ్వానం పంపాను. రాలేదు. రాకపోవడం న్యాయమే.

ఆ మరుసటి నెలలో ఎవంతియా వచ్చింది. ఎవంతియాను పరిచయం చేయక్కర్లేదు. పెళ్లి గౌన్లు కుట్టే ఎవంతియా. ఈ హాల్లో కూర్చున్న సగం మంది ఆడవాళ్ల నడుము కొలతలు ఆవిడకు తెలుసు, అయినా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఈ ఊళ్లో ఇంకా శాంతి ఉంది. (నవ్వులు) వెంట తమ్ముడు స్ట్రాటోస్, ఆలివ్ తోటల ఆసామి. నడిపి చూస్తామన్నారు. టైగెటోస్ కొండదారి పట్టించాను. ఆవిడ నడుపుతోంది, నేను పక్కన, స్ట్రాటోస్ వెనక.

"అక్కా, నా మోకాళ్లూ చెవులూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయే!" అన్నాడు వాడు. "పైగా వెనక డిక్కీలో నాలుగు నూనె డబ్బాలు కూడా పట్టవు."

"నీ నూనె మోయడానికి నేను కారు కొనుక్కోవట్లేదురా. నోర్మూసుకుని కూర్చో."

ఒక మలుపు దగ్గర ఆపి, ఆవిడ డ్యాష్‌బోర్డు మీది కుట్టును వేలితో తడిమింది. "ఇది దొంగ కుట్టు. రెండు ముక్కలుంటే కదా కలిపి కుట్టేది? ఇది ఒకటే ముక్క. పైన ఉత్త వేషం." తర్వాత సీటు అంచు తిప్పి చూసింది. "ఇది మాత్రం నిజం. జంట కుట్టు. చేయి తిరిగినవాడి పని." ఇరవై ఏడేళ్లుగా కార్లు అమ్ముతున్న నేను ఆ రోజే తెలుసుకున్నాను, డ్యాష్‌బోర్డు అబద్ధమాడుతుందని. అప్పుడు నా వైపు తిరిగి, "మొహమాటం లేకుండా చెప్పు పాంటెలిస్. ఈ ధర న్యాయమేనా?" అంది.

నా కళ్ల ముందు ఫోటిస్ బస్సు స్టాపుకు నడుస్తున్నాడు. "కాదు" అన్నాను. "రోడ్డు దాటి అవతలిది కొనుక్కోండి. అదే ఒళ్లు, వేరే చొక్కా. చొక్కాదేముంది?"

స్ట్రాటోస్ చప్పట్లు కొట్టాడు. ఎవంతియా మాత్రం, "నలభై ఏళ్లు బట్టలు కుట్టినదాని ముందు కూర్చుని చొక్కాదేముందంటున్నావా?" అంది. కారును వెనక్కి తిప్పేసింది.

సాయంత్రానికల్లా స్ట్రాటోస్ ఈ సంగతి కాఫీ కొట్టులో టముకు వేశాడు. మర్నాడు అనార్గిరోస్ గారు నన్ను పిలిచారు.

"నువ్విక్కడ కార్లు అమ్ముతున్నావా, పాపాలు ఒప్పుకుంటున్నావా?"

"రెండూ ఒకే గదిలో కుదరవండి" అన్నాను.

"అయితే గది మార్చుకో" అన్నారు. విమానాశ్రయం దారిలో ఉన్న పాత కార్ల దొడ్డికి పంపారు. దుమ్ము, రేకుల గది, ఒంటి చెవి కుక్క. ఆ కుక్క ఒక్కటే నన్ను ధర అడగలేదు. (నవ్వులు) నాకు మాత్రం లోలోపల భలే గర్వం. సత్యం కోసం సింహాసనం వదులుకున్నవాడిలా ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఒకరోజు స్ట్రాటోస్ టైర్ల కోసం వచ్చి, "మా అక్క ఏ కారూ కొనలేదు. అవతలిదీ కొనలేదు. నా మూడు చక్రాల బండిలోనే, వెనక ఎండలో కూర్చుని, పెళ్లి గౌన్లు ఒళ్లో పెట్టుకుని వెళుతోంది" అన్నాడు. నా గర్వం అక్కడికక్కడే గాలి తీసేసిన టైరైంది. ఫోటిస్‌కు చెప్పవలసిన 'వద్దు'ను నేను ఎవంతియాకు చెప్పానని అప్పుడు తెలిసింది. ఆయన విషయంలో చేసిన తప్పును ఆవిడ చేత కడిగించుకున్నాను. ఆవిడకు కారు ఎందుకు కావాలో మాత్రం అడగలేదు.

పదకొండు నెలలకు, షోరూములో అందరూ నడిపి చూసిన ఆ కారే పాతదైపోయి మా దొడ్డికి వచ్చింది. ధర ఇరవై తొమ్మిదిన్నర వేలకు దిగింది. ముందు ఎవంతియాకే ఫోన్ చేశాను. "ఇది న్యాయమో కాదో నాకు తెలియదు. మీరే వచ్చి చూసుకోండి" అన్నాను.

వచ్చింది. కూర్చుంది. వాసన చూసింది. "ఇందులో ఎవరో సిగరెట్లు కాల్చారు."

"మా యజమాని గారండీ."

"అయితే ఐదువందలు తగ్గించు." (నవ్వులు, చప్పట్లు) తగ్గించాను. అయ్యా, క్షమించాలి, లెక్కల్లో టైర్ల అరుగుదల అని రాశాను.

అప్పుడు అడిగాను, ఇదే ఎందుకండీ అని. ఆవిడ స్టీరింగు వదలకుండా చెప్పింది. "నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రతి పెళ్లికూతురూ నేను కుట్టింది వేసుకుని, మంచి కారెక్కి వెళ్లిపోయింది. నేను నోట్లో గుండుసూదులతో గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్కసారి నేనూ అలా ఎక్కి వెళ్లాలి. ధర ఇప్పటికీ ఎక్కువేలే. ఎక్కువని తెలిసే ఇస్తున్నా."

మొదటి నెలలోనే స్ట్రాటోస్ ట్రాక్టరు దాని దీపాన్ని పగలగొట్టింది. ఒక్క దీపం ఖరీదు మూడు మేకల ఖరీదు. ఆవిడ వారం రోజులు తమ్ముణ్ణి తిట్టింది కానీ, కారును ఒక్క మాట అనలేదు. ఆరేళ్లైంది, ఇంకా నడుపుతోంది. అదిగో, మూడో వరుసలో కూర్చుంది. ఎవంతియా గారూ, ఒక్కసారి లేవండి... లేవనంటోంది. ("నువ్వు ముందు ముగించు, ఆకలేస్తోంది!" అని మూడో వరుస నుంచి కేక. పెద్దగా నవ్వులు)

ముగిస్తున్నాను. కుర్ర అమ్మకందార్లకు ఒక్క మాట. ఎవరైనా ధర న్యాయమా అని అడిగితే, అవుననీ కాదనీ చెప్పే ముందు ఎందుకు కావాలని అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి. రెండోది కష్టం.

అనార్గిరోస్ గారూ, నన్ను దొడ్డికి పంపారు, కానీ ఇంటికి పంపలేదు. అప్పుడు కృతజ్ఞత చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మీరు బహూకరించిన కీచైను అసలైన తోలుదట. తాళం మాత్రం లేదు. (నవ్వులు) వంట చేసినవారికి, ఇంతసేపు ఓపిక పట్టినవారికి, నన్ను నమ్మి మోసపోయినవారికి, నమ్మి బాగుపడినవారికి అందరికీ నా ధన్యవాదాలు.

ఈ ముప్పై నాలుగేళ్లలో అమ్మడానికి చేతిలో ఏమీ లేకుండా మనుషుల ముందు నిలబడటం నాకిదే మొదటిసారి. అయినా మీరెవరూ లేచి వెళ్లిపోలేదు. అది చాలు. సెలవు.